పార్కు మీద ఫిర్యాదులు, పార్కు కింద నేల

నగరపాలక సంస్థ లెక్కల్లో పార్కు ఎప్పుడూ ఖర్చు పద్దులోనే ఉంటుంది. నీళ్లకి, కరెంటుకి, తోటమాలుల జీతాలకి, విరిగిన బెంచీల మరమ్మతుకి ఏటా డబ్బు పోతుంది. తిరిగి వచ్చేది దాదాపు ఏమీ ఉండదు. అదే స్థలం అమ్మితే ఒక్కసారిగా పెద్ద మొత్తం చేతికొస్తుంది, ఇళ్లు కడితే ఏటా పన్ను వస్తుంది. అందుకే ఖజానా ఖాళీ అయినా, ఇళ్లకు కొరత వచ్చినా ముందు అందరి కన్నూ ఈ జాగా మీదే పడుతుంది. దానికి తోడు పార్కుల మీద ఉన్న ఫిర్యాదులు చిన్నవేం కావు. చీకటి పడితే అటు వెళ్లాలంటే భయం. పచ్చికకు పోసే నీళ్లు. పార్కు బాగుపడగానే చుట్టుపక్కల అద్దెలు పెరిగి పేదవాళ్లు ఇళ్లు ఖాళీ చేయాల్సి రావడం. నగరంలో ఒక వైపు విశాలమైన తోట ఉంటే, ఇంకో వైపు పిల్లలు ఆడుకోవడానికి ఒక్క చెట్టు నీడ కూడా లేకపోవడం.

ఈ ఫిర్యాదుల్లో చాలావరకు నిజమే. కానీ అన్నిటినీ ఒకే మూటగా కట్టి పార్కు దండగ అనేస్తే లెక్క తప్పుతుంది. విడదీసి చూస్తే వీటిలో ఎక్కువ భాగం పార్కును ఎక్కడ పెట్టారు, ఎలా రూపొందించారు, ఎవరు చూసుకుంటున్నారు అనే వాటి మీద వచ్చినవి. అవన్నీ తర్వాతైనా దిద్దుకోవచ్చు. అమ్మేసిన నేలను మాత్రం తిరిగి తెచ్చుకోలేం. ఒక్కో ఫిర్యాదునూ ఈ తేడా గుర్తుపెట్టుకుని చూడాలి.

పస లేని వాదనలు ముందు వదిలేయాలి

పార్కుల తరఫున మాట్లాడేవాళ్లు తరచూ ఆక్సిజన్ గురించి చెబుతారు. గాలిలో ఆక్సిజన్ సుమారు 21 శాతం. ఊళ్లో పార్కు ఉన్నా లేకపోయినా ఆ అంకె కదలదు. గాలిని శుభ్రం చేస్తుందనే మాట కూడా కొంతవరకే నిలుస్తుంది. ఆకులు ధూళిని పట్టుకునే మాట వాస్తవమే, కానీ నగరం మొత్తం మీద చూస్తే ఆ తగ్గుదల చాలా స్వల్పం. పైగా ఎత్తైన భవనాల మధ్య ఇరుకు రోడ్డు మీద గుబురు చెట్లు కప్పు కట్టినట్టు పెరిగితే గాలి ఆడక, బళ్ల పొగ మనుషులు నడిచే ఎత్తులోనే నిలిచిపోతుంది. పార్కులో మంచి గాలి దొరకడానికి అసలు కారణం, అక్కడ నడిచేవాళ్లు పొగ గొట్టాలకు దూరంగా ఉండడం. శబ్దం సంగతీ అంతే. పలచటి చెట్ల వరుస రోడ్డు రొదను పెద్దగా ఆపదు. ఆపాలంటే మట్టి గట్టో గోడో కావాలి.

ఇవి ముందే వదిలేయమనడానికి కారణం ఉంది. పస లేని వాదనను అవతలివాళ్లు తేలిగ్గా కొట్టిపారేస్తారు. దానితో పాటే గట్టి వాదనల మీద కూడా వినేవాళ్లకు నమ్మకం పోతుంది. గట్టివి నిజంగానే ఉన్నాయి.

ఎండ, వాన, మట్టి

పార్కుల్లో పగటిపూట గాలి ఎంత చల్లగా ఉంటుందో కొలిచిన అధ్యయనాలన్నిటినీ 2010లో ఒకచోట చేర్చి చూస్తే, సగటు తేడా 0.94 డిగ్రీల సెల్సియస్ అని తేలింది. వినడానికి ఇది ఏపాటిదిలే అనిపిస్తుంది. అయితే థర్మామీటర్ కొలిచేది గాలి వేడినే. మనిషి ఒంటికి తగిలేది అంతకన్నా ఎక్కువ: నెత్తి మీద పడే ఎండ, కాలిన రోడ్డు నుంచీ గోడల నుంచీ కొట్టే సెగ. చెట్టు నీడలో నిలబడితే నెత్తిన ఎండ ఆగుతుంది, కాళ్ల కింద నేల కూడా కాలకుండా ఉంటుంది. గాలి వేడి ఒక్క డిగ్రీయే తగ్గినా ఒంటికి అంత హాయి అందుకే. చెట్లు లేని పచ్చికలో మిట్టమధ్యాహ్నం ఈ మేలు ఉండదు. రాత్రి లెక్క మారుతుంది. ఆకాశానికి తెరుచుకున్న పచ్చిక త్వరగా చల్లబడుతుంది, దట్టమైన కొమ్మల కింద వేడి కొంచెం నెమ్మదిగా పోతుంది. కాబట్టి మంచి పార్కులో నీడ, బయలు రెండూ ఉంటాయి.

వాన లెక్క ఇంకా తేలిక. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు. ఒక హెక్టారు మీద 50 మిల్లీమీటర్లు కురిస్తే 5 లక్షల లీటర్లు. ఆ హెక్టారు తారు, సిమెంటు అయితే దాదాపు అంతా కాసేపట్లోనే కాలువల్లోకి చేరుతుంది. గుల్లగా ఉన్న మట్టి అయితే అందులో చాలా భాగాన్ని పీల్చుకుంటుంది. ఆరోగ్యంగా ఉన్న మట్టి ఘనపరిమాణంలో దాదాపు సగం ఖాళీయే. వేళ్లు చచ్చి వదిలిన దారులు, వానపాముల బొరియలు, రేణువుల మధ్య సందులు అన్నీ కలిపి ఆ సగం.

కానీ పార్కు అని పేరు పెట్టినంత మాత్రాన మట్టి ఈ పని చేయదు. తొక్కుడు వల్ల ముందు మూసుకుపోయేవి పెద్ద సందులే, నీరు దిగేది కూడా వాటిలోంచే. నేల తడిగా ఉన్నప్పుడు ఒక లారీ, ఒక సభ వేదిక, ఒక ఎగ్జిబిషన్ చేసే నష్టం పూడడానికి ఏళ్లు పడుతుంది. పైకి గడ్డి పచ్చగానే కనిపిస్తుంది. కింద మట్టి ఇటుకలా బిగుసుకుపోయి, వాన పడితే సిమెంటు మీద జారినట్టే నీరు జారిపోతుంది. చెట్లు ఎందుకో తెలియకుండా పైకొమ్మల నుంచి ఎండడం మొదలైతే, చాలాసార్లు రోగం ఆకుల్లో ఉండదు, గాలి అందని వేళ్లలో ఉంటుంది.

దీన్ని పరీక్షించడం ఎవరికైనా చేతనవుతుంది. వాన వెలిసిన మర్నాడు పొడవాటి స్క్రూడ్రైవర్‌ని మట్టిలోకి చేత్తో నొక్కాలి. 15 సెంటీమీటర్లు తేలిగ్గా దిగితే నేల బాగున్నట్టు. అయిదు దగ్గరే ఆగిపోతే బిగిసినట్టు. ఇంకొంచెం కచ్చితంగా కావాలంటే అడుగు తీసేసిన డబ్బానో, గొట్టం ముక్కనో అయిదు సెంటీమీటర్లు నేలలోకి దిగ్గొట్టి, ఒకసారి నీళ్లు పోసి ఇంకనివ్వాలి. ఆ తర్వాత 25 మిల్లీమీటర్ల ఎత్తు నీళ్లు పోసి గడియారం చూడాలి. మొదటిసారి కొలిస్తే ఎండిన మట్టి గబగబా తాగేసి మోసం చేస్తుంది, అందుకే రెండోసారి కొలవడం. గంట దాటినా నీళ్లు నిలిచే ఉంటే అక్కడ వాన నీరు ఇంకుతుందని చెప్పుకోవడానికి లేదు.

బాగుచేసే పద్ధతి కూడా ఉంది. ఆ భాగానికి ఒకటి రెండు కాలాలపాటు తాడు కంచె కట్టి నడక ఆపాలి. ఏరేటర్‌తో (నేలలో బొక్కలు పొడిచే యంత్రం) ఏడు నుంచి పది సెంటీమీటర్ల లోతున మట్టి ముక్కలు తీయించి, పైన ఒకటి రెండు సెంటీమీటర్ల మందాన బాగా మాగిన కంపోస్టు పరచాలి. చెట్ల కింద దున్నకూడదు. పీల్చుకునే సన్నటి వేళ్లలో ఎక్కువ భాగం పైపై మట్టిలోనే ఉంటాయి కాబట్టి నాగలి వాటినే తెంపుతుంది. జనం గడ్డి మీద అడ్డంగా తొక్కి చేసుకున్న బాట ఉంటే దానికి కంచె వేసి పోరాడడం వృథా. అక్కడే దారి వేసేస్తే మిగతా నేల బతుకుతుంది.

వాన నీటి కోసమే పార్కును మలిచిన నగరాలు ఉన్నాయి. 2011 జులై 2న డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్ మీద కుంభవృష్టి కురిసి నగరం మునిగింది. ఆ తర్వాత ఎంగేవ్‌పార్కెన్ అనే పాత పార్కును తిరిగి కట్టి, ఆటస్థలాన్ని లోతు చేసి, చుట్టూ గట్టు ఎత్తి, సుమారు 22,600 ఘనపు మీటర్ల నీరు నిలిచేలా చేశారు. మామూలు రోజుల్లో అక్కడ పిల్లలు బంతి ఆడతారు. సింగపూర్‌లో బిషాన్ పార్కు పక్కన తిన్నగా సాగే 2.7 కిలోమీటర్ల కాంక్రీటు కాలువను తీసేసి, 2012 నాటికి పార్కు లోపల వంకలు తిరిగే 3.2 కిలోమీటర్ల నదిగా మార్చారు. వరద వస్తే ఒడ్డు నదిదవుతుంది, తగ్గాక మళ్లీ మనుషులది. ఇలాంటి నేలకు పన్ను రాదన్నది నిజం. అది లేకపోతే అంత నీటికి భూగర్భంలో ట్యాంకు కట్టాలన్నదీ నిజం. లెక్క పుస్తకంలో ఈ రెండో అంకె వేసే పద్దు ఉండదు.

పచ్చిక నీళ్లు తాగుతుందన్న విమర్శ మాత్రం సరైనదే. దానికి జవాబు పచ్చిక వైశాల్యం తగ్గించడం. పిల్లలు పరుగెత్తే చోట, పెద్దలు కూర్చునే చోట గడ్డి ఉండాలి. ఎవరూ అడుగుపెట్టని వాలుల మీద, గోడల వెంట పొదలు, ఆ నేలకు అలవాటైన మొక్కలు చాలు. ఉంచిన గడ్డిని కూడా ఒకసారికి మూడో వంతు కన్నా ఎక్కువ కోయకూడదు. పొట్టిగా గీసేస్తే వేళ్లు కూడా పొట్టివవుతాయి, ఆపైన రోజూ నీళ్లు అడుగుతుంది.

భయం ఎక్కడ పుడుతుంది

పార్కు పెడితే చాలు పేట బాగుపడుతుందన్న నమ్మకాన్ని, నగరాల మీద రాసిన అమెరికన్ రచయిత్రి జేన్ జేకబ్స్ 1961లోనే గట్టిగా తప్పుబట్టారు. రోజంతా రకరకాల పనుల మీద రకరకాల మనుషులు వచ్చిపోయే చోటే పార్కు బతుకుతుందని, లేకపోతే అదే పేటకు చేటవుతుందని ఆమె వాదన. పార్కుల పక్షాన ఉన్నవాళ్లు దీన్ని ఒప్పుకోవాలి. ఎందుకంటే పరిష్కారం కూడా ఇందులోనే ఉంది.

న్యూయార్క్‌లోని బ్రయంట్ పార్కు దీనికి మంచి ఉదాహరణ. 1970లలో అది మాదకద్రవ్యాలు అమ్మేవాళ్ల అడ్డా. వీధి కన్నా ఎత్తులో ఉండేది, చుట్టూ ఇనుప కంచె, దాన్ని ఆనుకుని పొదలు. వీధిలో నడిచేవాళ్లకు లోపల ఏం జరుగుతోందో కనిపించేది కాదు. లోపలికి వెళ్తే త్వరగా బయటపడే దారీ లేదు. బహిరంగ స్థలాల్లో జనం తీరును అధ్యయనం చేసిన విలియం వైట్ అక్కడ మనుషుల కదలికను గమనించి, తప్పు ఈ మూత పడిన రూపంలోనే ఉందని తేల్చారు. 1988లో మూసి, 1992లో తిరిగి తెరిచేసరికి పొదలు పోయాయి, ప్రవేశాలు వెడల్పయ్యాయి, శుభ్రమైన మరుగుదొడ్లు, తినుబండారాల దుకాణాలు వచ్చాయి. ఎత్తి జరుపుకోగలిగే కుర్చీలు వచ్చాయి.

ఈ కుర్చీ చిన్న సంగతిలా కనిపిస్తుంది. నేలకు బిగించిన బెంచీ మీద ఎవరు ఎటు తిరిగి కూర్చోవాలో ముందే నిర్ణయమైపోతుంది. పక్కన కొత్త మనిషి కూర్చుంటే లేచి వెళ్లడమొక్కటే మార్గం. అదే విడి కుర్చీ అయితే ఒక జానెడు పక్కకు జరుపుకుంటే చాలు. ఎండ మళ్లితే కుర్చీ మళ్లుతుంది, నలుగురు వస్తే నాలుగు కుర్చీలు చేరతాయి. తన చోటు తన చేతిలో ఉందన్న ఆ చిన్న ధీమా మనిషిని ఇంకో అరగంట కూర్చోబెడుతుంది, కూర్చున్న ప్రతి మనిషీ మరొకరికి కాపలా. పార్కులో ఆడవాళ్లు ఎంతమంది ఉన్నారో లెక్కపెడితే అది భద్రంగా ఉందో లేదో తెలుస్తుందని వైట్ గమనించారు. ఏ సర్వేకన్నా తేలికైన కొలత ఇది.

మిగతావి కొలతల పనులు. దారి పక్క పొదలు నడుము ఎత్తు దాటకూడదు. చెట్ల కొమ్మలు మనిషి తల కన్నా పైకి, రెండు మీటర్లకు మించి ఉండేలా కత్తిరించాలి. ఏ మలుపులో నిలబడినా బయటికి వెళ్లే రెండు దారులు తెలియాలి. దీపాల్లో కాంతి ఎంతుందన్న దానికన్నా సమంగా పరుచుకుందా అన్నది ముఖ్యం, ఎందుకంటే ఒక్కచోట కళ్లు చెదిరే దీపం పెడితే దాని వెనక చీకటి మరింత చిక్కబడుతుంది.

పచ్చదనానికీ భద్రతకూ ఉన్న సంబంధం మీద నాకు తెలిసిన గట్టి సాక్ష్యం ఫిలడెల్ఫియాది. అక్కడ పాడుపడ్డ 541 ఖాళీ స్థలాలను లాటరీ పద్ధతిలో విడదీసి, కొన్నిటిని శుభ్రం చేసి గడ్డి వేసి, నాలుగు చెట్లు నాటి, దాటడానికి వీలుండే పొట్టి కర్ర కంచె కట్టారు. కొన్నిటిలో చెత్త మాత్రం తీశారు. కొన్నిటిని ముట్టుకోలేదు. 2018లో వచ్చిన ఫలితాల ప్రకారం దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న పేటల్లో తుపాకీ హింస 29 శాతం తగ్గింది. పచ్చదనం వచ్చిన చోట దగ్గర్లో ఉండేవాళ్లలో దిగులుగా ఉందని చెప్పినవాళ్లు 41.5 శాతం తగ్గారు. చేసింది పెద్ద ఉద్యానవనం కూడా కాదు, ఎవరో చూసుకుంటున్నారని కనబడే నేల, అంతే.

ప్రారంభోత్సవం తర్వాత

కట్టడానికి డబ్బు దొరుకుతుంది, కాపాడడానికి దొరకదు. పార్కులు చెడేది ఎక్కువగా ఇక్కడే. లక్ష మొక్కలు నాటాం అనే ప్రకటన వెనక ఏం జరుగుతుందో చూస్తే అర్థమవుతుంది. నర్సరీ సంచిలో ఎక్కువ కాలం ఉన్న మొక్క వేళ్లు గుండ్రంగా చుట్టుకుని ఉంటాయి. వాటిని కోసి విడదీయకుండా అలాగే పాతితే, పదేళ్ల తర్వాత ఆ వేరే కాండాన్ని ఉరిలా బిగిస్తుంది. గొయ్యి లోతు వేళ్ల ముద్ద ఎత్తుకు సమానంగా, వెడల్పు దానికి రెండు మూడు రెట్లు ఉండాలి. ఎక్కువగా చేసేది దీనికి తలకిందులు, ఇరుకుగా లోతుగా తవ్వుతారు. కాండం అడుగున వెడల్పై వేళ్లుగా చీలే చోటు నేల మట్టం మీద కనిపించాలి. అది మట్టిలో కూరుకుపోతే బెరడు కుళ్లుతుంది. ఎండుటాకుల పొర అయిదు నుంచి పది సెంటీమీటర్ల మందాన పరచాలి, కాండానికి మాత్రం తగలనివ్వకూడదు. ఆపైన రెండు మూడేళ్లు నీళ్లు. ఇన్నీ చేశాక కూడా గడ్డి కోసే మిషను దారం తగిలి బెరడు చుట్టూ లేచిపోతే ఆ చెట్టు చచ్చినట్టే, ఎందుకంటే ఆకులు చేసిన ఆహారం వేళ్లకు దిగేది బెరడు లోపలి పొరలోంచే. పాదు చుట్టూ ఒక మీటరు మేర గడ్డి లేకుండా ఉంచితే మిషను అక్కడిదాకా రాదు.

ఒకే రకం చెట్టు వరుసగా నాటడం ఇంకో పొరపాటు. 2002లో డెట్రాయిట్ దగ్గర ఒక ఆకుపచ్చ పురుగు కనబడింది. వీధులన్నీ యాష్ చెట్లతో నింపిన అమెరికన్ పట్టణాలకు అది వీధులకు వీధుల నీడనే లేకుండా చేసింది. ఊళ్లోని మొత్తం చెట్లలో ఒక జాతి పది శాతం, ఒక ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) ఇరవై శాతం, ఒక కుటుంబం (అలాంటి ప్రజాతుల గుంపు) ముప్పై శాతం దాటకూడదని 1990లో శాంటమూర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు చెప్పిన కొలత ఇప్పటికీ పనికొస్తుంది.

నిర్వహణ డబ్బుకు మంచి దారి చూపింది ఇంగ్లండ్‌లోని మిల్టన్ కీన్స్. 1992లో అక్కడి పార్కులను ఒక స్వతంత్ర ట్రస్టుకు 999 ఏళ్ల లీజు మీద అప్పగించి, దాంతోపాటు అద్దె వచ్చే వాణిజ్య ఆస్తులను కూడా మూలధనంగా ఇచ్చారు. అందుకే అక్కడ తోటమాలి జీతం ఏటా బడ్జెట్ సమావేశంలో బేరానికి రాదు.

అద్దెలు, గెంటివేతలు

అన్నిటికన్నా బరువైన విమర్శ ఇదే. ఇంగ్లండ్‌లో 1847లో తెరిచిన బర్కెన్‌హెడ్ పార్కు ప్రజాధనంతో వేసిన తొలి పార్కుల్లో ఒకటి. సుమారు 226 ఎకరాల బురదనేల కొని, 125 ఎకరాలు పార్కుకు ఉంచి, చుట్టూ మిగిలినది ఇళ్ల స్థలాలుగా అమ్మి ఖర్చు రాబట్టారు. పార్కు పక్కన నేల విలువ పెరుగుతుందన్న సంగతి అప్పుడే పథకంలో భాగం. ఆ పెరుగుదలే అద్దెకుండేవాళ్లను తోసేస్తుంది. న్యూయార్క్ సెంట్రల్ పార్కు కోసం 1857 నాటికి సెనెకా విలేజ్ అనే ఊరును ఖాళీ చేయించారు. అక్కడ ఉన్న సుమారు 225 మందిలో ఎక్కువమంది నల్లజాతివాళ్లు, కొందరు సొంత ఇల్లున్నవాళ్లు. మొత్తం పార్కు కోసం కదిలిన వాళ్లు దాదాపు 1,600 మంది. పార్కు అందంగా ఉందని ఈ చరిత్రను దాచకూడదు.

అయితే పేదలు ఉండే చోట పార్కు బాగుచేయకూడదన్న ముగింపు దీన్నుంచి రాదు. అలా అంటే నీడ, ఆటస్థలం డబ్బున్నవాళ్ల హక్కు అని ఒప్పుకున్నట్టే. తప్పు వరసలో ఉంది: ముందు పార్కు, ధరలు పెరిగాక ఇళ్ల గురించి ఆలోచన. వాషింగ్టన్‌లో పాత వంతెన స్తంభాల మీద పార్కు తలపెట్టినవాళ్లు పని మొదలుకాకముందే, 2015లోనే, ఇళ్లకూ ఉపాధికీ సంబంధించిన ప్రణాళిక ప్రకటించి, ఆ చుట్టుపక్కల నేలను శాశ్వతంగా అందుబాటు ధరలో ఉంచే సముదాయ ట్రస్టుకు తోడ్పడ్డారు. పార్కు తర్వాత ఇలాంటి నేల కొనడం ఎవరి తరమూ కాదు.

ఒక మూల పెద్దది కట్టే బదులు చిన్నవి పలుచోట్ల వేస్తే అద్దెల ఒత్తిడి కూడా ఒక్కచోట పేరుకోదు. ఇంటికి 300 మీటర్ల లోపు కనీసం అర హెక్టారు నుంచి హెక్టారు పచ్చని జాగా ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం సూచన. ఆ దూరాన్ని పటం మీద గుండ్రంగా గీసి కొలవకూడదు. మధ్యలో రైలు పట్టాలో, దాటలేని రోడ్డో, గేటు లేని పొడవాటి గోడో ఉంటే 300 మీటర్లు కిలోమీటరు అవుతుంది. చాలాసార్లు కొత్త పార్కు కన్నా పాత గోడకు రెండో గేటు ఎక్కువ మందికి పనికొస్తుంది.

ఇళ్లు కట్టుకోవద్దా మరి

ఇళ్లకు కొరత నిజమైన బాధ. బెర్లిన్‌లో 2008లో మూతపడిన టెంపెల్‌హోఫ్ విమానాశ్రయం 300 హెక్టార్లకు పైగా బయలుగా ప్రజలకు తెరుచుకుంది. అంచుల్లో ఇళ్లు కడతామని నగర ప్రభుత్వం అంది. 2014 మేలో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో 64 శాతం దాకా వద్దన్నారు. ఈ వాదన అక్కడ ఇంకా ఆగలేదు, ఆగనక్కర్లేదు కూడా. తేడా ఒక్కటే. కట్టకుండా ఉంచిన నేల మీద పదేళ్ల తర్వాత మళ్లీ ఓటు వేయవచ్చు, కట్టేశాక వేయడానికి ఏమీ మిగలదు. ఇళ్లకు ఇంకా దారులున్నాయి: ఉన్న భవనాల మీద అంతస్తులు, పార్కింగు మైదానాలు, పాడుపడ్డ గోదాములు. నగరం మధ్యలో పదెకరాల మట్టి కావాలంటే మాత్రం వేరే దారి లేదు.

అందుకే పార్కు నేల చేతులు మారడం కష్టంగా ఉండాలి. న్యూయార్క్ రాష్ట్రంలో పార్కు భూమి నగరానిదే అయినా, దాన్ని వేరే పనికి మళ్లించాలంటే రాష్ట్ర శాసనసభ ఆమోదం కావాలి. అలాంటి చట్టం లేని చోట ఎక్కువగా వినిపించే హామీ, "బదులుగా ఇంకో చోట అంతే స్థలం ఇస్తాం" అన్నది. ఆ మాట విన్నప్పుడు వైశాల్యం ఒక్కటే సరిపోల్చకూడదు. కొత్త స్థలం అదే ఇళ్లకు అదే నడక దూరంలో ఉందా? అక్కడ ఉన్నది మట్టా, కట్టడాల శిథిలాలతో పూడ్చిన దిబ్బా? స్క్రూడ్రైవర్ పరీక్ష అక్కడా చేయొచ్చు. ఆ తర్వాత నీడ లెక్క. పది మీటర్ల వెడల్పున కొమ్మలు పరిచిన చెట్టు సుమారు 78 చదరపు మీటర్ల నేలను కప్పుతుంది. మీటరు వెడల్పు కొమ్మలున్న మొక్క ముప్పావు చదరపు మీటరు కన్నా కాస్త ఎక్కువ. ఒక్క పెద్ద చెట్టుకు బదులు అలాంటి మొక్కలు వంద కావాలి, వందా బతకాలి. ఒప్పందంలో మొక్కల సంఖ్య రాస్తే చాలదు, ఎన్నో ఏడాదికి ఎంత నీడ ఉండాలో, చచ్చిన మొక్కకు బదులు ఎవరు నాటాలో, ఆ డబ్బు ఎక్కడ జమ చేశారో రాయించాలి. కొత్త పార్కు గేటు తెరిచాకే పాతదానికి కంచె పడాలన్న షరతు అన్నిటికన్నా ముందు ఉండాలి.